తోడు పెట్టిన వీధి

పాలు తోడుకోకపోతే తప్పెవరిదన్నది మన ఇళ్ళల్లో ఏనాటి నుంచో తెగని తగువు. పాలు పల్చనంటారు, తోడు పులిసిపోయిందంటారు, చలి ఎక్కువగా ఉందంటారు, ఏదీ కుదరకపోతే కోడలి చెయ్యి మంచిది కాదంటారు. గన్నవరం రోడ్డు మీదున్న క్షీరసూత్ర కంపెనీలో తొట్ల కొద్దీ పెరుగు ఉన్నట్టుండి విరిగి నీళ్ళయిపోయినప్పుడు మాత్రం అనడానికి కోడలెవరూ దొరకలేదు. ఆ పెరుగును కనిపెట్టిన డాక్టర్ యామిని దొరికింది. పొద్దున్నే వచ్చి తొట్టి మూత తీసి చూసి, ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది.

కూలబడదూ మరి! అది అన్నంలో కలుపుకునే మామూలు పెరుగు కాదు, షుగరు మందు. అందులో ఉండే సూక్ష్మజీవి కడుపులో చేరి, ఒంట్లో చక్కెర పెరిగినప్పుడు కావలసినంత ఇన్సులిన్ వదులుతుంది, తగ్గితే గమ్మున ఊరుకుంటుంది. పొద్దున ఒక కప్పు తింటే మర్నాటి దాకా సూది అక్కర్లేదు. మొదట్లో కప్పు టీ ధరకే వచ్చింది. ఇక సూదులెవరు పొడుచుకుంటారు? ఇన్సులిన్ తయారుచేసే ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి మూతబడ్డాయి. పోటీ పోయాక కప్పు ధర మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఎక్కించేది మనిషి కూడా కాదు, ఒక ప్రోగ్రాం. ఏ ఊళ్ళో ఎంత అవసరం ఉందో గంటగంటకూ చూసి, అవసరం ముదిరిన చోట ధర పెంచుతుంది. బాగా దాహమేసినవాణ్ణి చూసి మంచినీళ్ళకు ఎక్కువ అడగడమన్నమాట. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు వేరే ఉందనుకోండి.

మరి ఇంట్లో తోడు పెట్టుకుంటే పోయేదిగా అంటారా? అది తోడుకోదు. తోడుకోకుండా తాళం వేసింది కూడా యామినే. ఆ జీవి బతకాలంటే దానికొక మేత కావాలి. కంపెనీ తొట్లలో ఆ మేత కలుపుతారు, మామూలు పాలల్లో అది ఉండదు. ల్యాబులో శుభ్రంగా మరిగించి చల్లార్చిన పాలల్లో వేసి ఎన్నోసార్లు చూశారు. వేసిన ప్రతిసారీ ఆకలికి మాడి చచ్చింది. ఆ పనితనానికి కంపెనీ వాళ్ళు యామినికి శాలువా కప్పి బంగారు పతకం కూడా ఇచ్చారు.

ఇప్పుడా జీవికి ఫేజ్ పట్టింది. ఫేజ్ అంటే బాక్టీరియాను తినే వైరస్. ఊరు ఊరంతా ఒకే రకం మిరప వేస్తే ఒక్క బొబ్బర తెగులు చాలదూ అందర్నీ ముంచడానికి? తొట్లన్నింటిలో ఉన్నది ఒకే జీవి, ఒకే అచ్చు. అందుకే ఒక్కటీ మిగల్లేదు.

ఎండీ కౌటిల్య మాత్రం కంగారు పడలేదు. నలభై నిండని మనిషి, మెత్తగా మాట్లాడతాడు, ఎవరినీ గదమాయించడు. నమ్మిన సూత్రాన్ని చంపినా వదలడు.

"ఉన్న స్టాకు వేలంలో వెళ్ళిపోయింది మేడమ్. ఎక్కువ పాడిన సిటీలకి ప్రోగ్రాం పంపించేసింది. కొరత వచ్చింది కాబట్టి ధర పెరుగుతుంది. ధర పెరిగింది కాబట్టి ఇంకెవరో తయారుచేస్తారు. మూణ్ణాలుగు నెలల్లో అదే సర్దుకుంటుంది."

"షుగరు ఉన్నవాళ్ళకి మూణ్ణాలుగు నెలల టైముండదు సార్. కొంతమందికి మూణ్ణాలుగు రోజులు కూడా ఉండవు" అంది యామిని.

ఆ కొంతమందిలో ఆవిడ చెల్లెలు ఉంది. సుహాసినికి ఎనిమిదో క్లాసులోనే వచ్చిన షుగరు. ఒంట్లో ఇన్సులిన్ చుక్కయినా ఊరదు. అసలు యామిని ఈ చదువు చదివిందీ, ఈ పెరుగు కనిపెట్టిందీ ఆ పిల్ల చేతుల మీద సూదిపోట్లు చూడలేకే. చెల్లెలి చేతికి అంటించిన షుగరు పట్టీలో అంకె మారినప్పుడల్లా అక్క ఫోన్లో కనిపిస్తుంది. యామిని కౌటిల్య గదిలోంచి బయటికొచ్చి చూసుకునేసరికి ఫోను ఎర్రగా మెరుస్తోంది. పెరుగులో ఇన్సులిన్ ఉందో లేదో చూసే కాగితపు చీలికల డబ్బా బ్యాగులో పడేసుకుని, ఉన్నపళంగా చెల్లెలుండే సింగ్ నగర్ బయల్దేరింది. ఆ డబ్బా ఎందుకు తీసుకుందో ఆవిడకే తెలీదు. చేతికి అందింది, తీసుకుంది.

సుహాసిని బ్లౌజులు కుట్టే కొట్టు మూసి ఉంది. వెనక గదిలో మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది మనిషి. పక్కనే బకెట్టు. పొద్దుట్నించీ వాంతులట. అంత నీరసంలోనూ నోరు మాత్రం తగ్గలేదు.

"ఏంటే అక్కా, విరిగిపోయిన పాలల్లే మొహం పెట్టావ్? ఎవరు పోయారు?"

"నోర్ముయ్. కప్పు ఎప్పుడు తిన్నావు?"

"షాపుల్లో ఉంటేగా తినడానికి! పెద్దాసుపత్రికి కూడా ఫోన్ చేశా. సూదిమందు పైదేశం నుంచి రావాలంట. శనివారం దాకా ఓపిక పట్టమన్నారు. నాకు ఓపికుంది, ఒంటికే లేదు."

యామిని ఫ్రిజ్ తలుపు తీసింది. కప్పులు లేవు సరే, ఖాళీ కప్పులు కూడా లేవు. చెత్తబుట్టలో లేవు. గుమ్మం పక్కన సంచిలో లేవు. నెలల తరబడి తన వాటా కప్పులు తెచ్చి ఇస్తానంటే, "నా దగ్గరున్నాయిలేవే" అని తప్పించుకుంది ఈ మహాతల్లి. యామినికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇన్నాళ్ళూ ఏం తిని బతికావే నువ్వు? నిజం చెప్పు!"

సుహాసిని గోడవైపు తిరిగింది. "తిట్టనంటే చెప్తా."

"తిడతాను. చెప్పు."

"తోడేసుకున్నా."

"ఏంటీ?"

"ధర మండిపోతోంది కదా. కప్పు అడుగున అంటుకున్నది పారేయడానికి మనసొప్పక, ఓ రోజు గీకి మా ఇంటి పాలల్లో కలిపా. ఎటూ మస్తాన్ బీ పిన్ని ఇచ్చిన తోడు వేస్తున్నానుగా, అందులోనే ఇదీ పడేశా. మర్నాడు కప్పు కొనడానికి డబ్బుల్లేక ఆ పెరుగే తిన్నా. షుగరు లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. అట్టా నడిపించుకొస్తున్నా."

"అది తోడుకోదే పిచ్చిదానా! తోడుకోకుండా చేసింది నేనే!"

"తోడుకుందిగా మరి! నేనేం చెయ్యను? నీకు చెప్తే నీ ఉద్యోగానికి ఎసరొస్తుందని చెప్పలేదు. కంపెనీ పెరుగు తోడేస్తే కేసంట కదా."

యామిని చదువు 'అబద్ధం' అంటోంది. ఇన్ని నెలలు కప్పు కొనకుండా బతికిన చెల్లెలు ఎదురుగా ఉంది. ఏది నమ్మాలి?

"ఆ గిన్నె ఎక్కడుంది?"

"అక్కడే వచ్చిందమ్మా చిక్కు! ఏలూరులో పెళ్ళికెళ్ళానుగా. పులిసిపోతుందని గిన్నె కడిగేసి వెళ్ళా. వచ్చి కొత్త కప్పుతో మొదలెడదామనుకున్నా. ఇట్టా అవుద్దని కలగన్నానా?" నవ్వబోయి మళ్ళీ బకెట్టు మీదికి వంగింది.

యామిని చెల్లెలి వీపు రాస్తూ ఫోను చూసింది. అంకె ఇంకా పైకే పోతోంది. సాయంత్రంలోగా ఏదో ఒకటి లోపల పడకపోతే స్పృహ తప్పుతుంది. ఆపైన ఏమవుతుందో ఆవిడకు బాగా తెలుసు.

"సుహా, ఆ పెరుగు ఎవరికైనా ఇచ్చావా? తోడుకని?"

"ఎవరికివ్వలేదు అనడుగు! పిన్నికే ఇచ్చా, వాళ్ళ తోడు పాడైతే."

మస్తాన్ బీ ఎదురింటావిడ. రెండు గేదెలున్నాయి, వీధిలో సగం ఇళ్ళకు పాలు ఆవిడవే. సంగతి విని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"యా అల్లా! మీ చెల్లి ఇచ్చిన తోడే ఇయ్యాల్టి దాకా వేస్తన్నానమ్మా. చుట్టాలొచ్చారు, ఉన్న పెరుగంతా మజ్జిగ పులుసు పెట్టా. అదుగో, పొయ్యి మీద."

యామిని పులుసులో కాగితపు చీలిక ముంచింది. ఇన్సులిన్ ఉంటే నీలం అవ్వాలి. చీలిక పసుపుగా మాత్రం మారింది. మరిగిన పులుసులో ఏ జీవి మిగులుతుంది?

"ఎస్తేరు టీచరుకి మొన్న ఇచ్చాగా! రా అమ్మాయ్" అంటూ మస్తాన్ బీ కొంగు దోపుకుని ముందు నడిచింది.

ఎస్తేరు టీచరు ఇంట్లో పెరుగుంది. గట్టిగా, మీగడ కట్టి చూడముచ్చటగా ఉంది. చీలిక ముంచితే తెల్లగానే ఉండిపోయింది. "అది ప్యాకెట్ పెరుగండీ. మీ తోడుతో వేసింది నిన్నటితో అయిపోయింది" అందావిడ బిక్కమొహం వేసి. "అయితే మెస్సు వెంకాయమ్మ గారు అడిగితే ఓ గరిటెడు ఇచ్చాను. మా ఇంటి పెరుగు కమ్మగా ఉంటుందని ఆవిడకి ఎవరో చెప్పారట."

మెస్సు వీధి చివర. ముగ్గురూ పరుగులాంటి నడకతో వెళ్ళేసరికి భోజనాల వేళ దాటిపోయింది. కుళాయి దగ్గర పెరుగు గంగాళం వంచి పెట్టుంది. పనావిడ చెంబుతో నీళ్ళు ఎత్తి పోయబోతోంది.

"ఆగు! పొయ్యొద్దు!" యామిని అరిచిన అరుపుకు ఆ చెంబు ఎగిరి అటు పడింది.

గంగాళం అంచున ఓ చెంచాడు పెరుగు అంటుకుని ఉంది. యామిని చీలిక అద్దింది. అంచు దగ్గర మొదలై, చీలిక పొడుగునా నీలం పాకింది. కంపెనీ కప్పులో ఎప్పుడూ చూడనంత ముదురు నీలం.

నీలమైతే వచ్చింది గానీ, ఉన్నది చెంచాడు. చెల్లెలు ఇప్పుడు తింటే రేపటికి తోడుకుండదు. రేపటికి దాస్తే ఇవాళ గడవదు. యామిని ఆ గంగాళం పట్టుకుని చంటిపిల్లలా ఏడుపు మొదలుపెట్టింది. పెద్ద డాక్టరమ్మ గంగాళం పట్టుకుని ఏడుస్తుంటే వెంకాయమ్మకు ఏమీ అర్థం కాలేదు. మస్తాన్ బీ విడమరిచి చెప్పాక ఆవిడ పకపకా నవ్వింది.

"ఓసి నీ దుంపతెగ! దీనికా ఏడుపు? తోడు తియ్యకుండా గిన్నె కడుగుతామా ఎక్కడన్నా? పొద్దున్నే వేసి పెట్టా రాత్రి భోజనాలకి. పొయ్యి పక్కన చూడు."

పొయ్యి పక్కన ఇంకో గంగాళం, మొదటిదానికన్నా పెద్దది. మూత తీస్తే పెరుగు రాయిలా తోడుకుని ఉంది.

సుహాసిని గిన్నెడు పెరుగు చెంచా చెంచాగా తింది. మొదట కొంచెం కక్కింది. మళ్ళీ తింది. అక్క మంచం పక్కన కింద కూచుని ఫోనుకేసి గుడ్లప్పగించింది. అంకె కదల్లేదు. కాఫీ పెట్టి తెచ్చిన ఎస్తేరు టీచరు చేతిలో కాఫీ చల్లారిపోయింది. మస్తాన్ బీ గేదెలకు మేత వేసొచ్చింది. అప్పుడు అంకె ఒకటి తగ్గింది. కాసేపటికి మరో నాలుగు. దీపాలు పెట్టే వేళకు ఫోను ఎరుపు పోయి పసుపుకొచ్చింది, ఆ తర్వాత పచ్చబడింది.

"అక్కా" అంది సుహాసిని.

"ఊఁ."

"ఆకలేస్తోందే. కాస్త చారన్నం పెట్టవా?"

యామినికి దుఃఖం, నవ్వు ఒక్కసారే వచ్చాయి. చెల్లెల్ని కావలించుకుని, "ఇంకెప్పుడైనా నా దగ్గర దాచావంటే చంపేస్తా" అంది. ఇందాకటి నుంచి ఆవిణ్ణి చంపుతున్న భయం అప్పటికి వదిలింది. ఒళ్ళంతా తేలికైపోయి, అసలు తన చేతులు తనవేనా అనిపించింది.

మర్నాడు ఆవిడ ఆ పెరుగు పట్టుకుని కంపెనీకి వెళ్ళలేదు. పెద్దాసుపత్రి ల్యాబులో ఉన్న పాత స్నేహితురాలి దగ్గరికి వెళ్ళింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే గుట్టు తేలిపోయింది. యామిని చేసిన జీవి ఒంటరిగా బతకలేదన్నది నిజమే. కానీ మస్తాన్ బీ ఇంటి తోడులో ఏ కాలం నాటివో రకరకాల జీవులున్నాయి. అవి పాలను తిని వదిలేసే దాంట్లో ఈ కొత్తదానికి కావలసిన మేత ఉంది. కంపెనీ తాళాన్ని ఎవరూ పగలగొట్టలేదు. పక్కింటివాళ్ళు అన్నం పెట్టారు, అంతే. ల్యాబులో వాళ్ళు పరీక్షించింది శుభ్రమైన పాలతో, ఒంటరి జీవితో. సింగ్ నగర్‌లో పాలకు గానీ మనిషికి గానీ ఒంటరిగా ఉండే యోగమే లేదు.

ఇంకో పరీక్ష మిగిలింది. కంపెనీ తొట్టిని నాశనం చేసిన ఫేజు నీళ్ళను యామిని సీసాతో తెప్పించి, మెస్సు పెరుగు మీద పోసింది. స్నేహితురాలు కళ్ళు మూసుకుంది. ఏమీ కాలేదు. ఫేజు దాడి చేసిన రకం కాస్త తగ్గింది, దాని పక్కవి పెరిగాయి, మూడోనాటికి తగ్గింది మళ్ళీ లేచింది. ఇంటింటికీ చేతులు మారి ఒక్కో ఇంట్లో ఒక్కో రకం కలిసిన తోడు అది. ఇన్ని నెలల్లో యామిని జీవి కూడా ఒకే అచ్చుగా ఉండిపోలేదు, పలు రకాలుగా మారింది. అన్నింటినీ చంపే తెగులు ఎక్కణ్ణుంచి తేవాలి?

కబురు ఎలా పాకిందో గానీ వారం తిరిగేసరికి ఊళ్ళో షుగరున్న ప్రతివాళ్ళ చేతిలో గిన్నె ఉంది. పాల సంఘం ఆడవాళ్ళు వీధికో తోడిల్లు పెట్టారు. అక్కడ రోజూ పొద్దున చీలిక ముంచి, రంగు సరిపోతేనే పంచుతారు. లీటరు పాల మీద సంఘం మిగిల్చే దాంట్లోంచి కొంత తీసి చీలికలకీ, ఆసుపత్రి ల్యాబుకీ ఇస్తున్నారు. షరతు ఒక్కటే: తోడు పట్టుకెళ్ళినవాళ్ళు ఇంకో ఇద్దరికి ఇవ్వాలి.

కౌటిల్య లాయర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సుహాసిని కొట్లోనే కూర్చోబెట్టారు, మిషను పక్కన. లాయరు గొంతు సవరించుకున్నాడు.

"ఈ పెరుగులో ఉన్న జీవి కంపెనీ ఆస్తి. స్వాధీనం చేసుకునే హక్కు మాకుంది."

"తప్పకుండా తీసుకోండి సార్" అంది సుహాసిని. "మీది ఏదో ఏరుకుని పట్టికెళ్ళండి. మా పిన్ని ఇంటిదీ, టీచరుగారిదీ మాత్రం వదిలెయ్యండి."

కౌటిల్య నవ్వలేదు గానీ కోప్పడనూ లేదు. యామిని వైపు తిరిగాడు. "దీన్ని శుద్ధి చేసి, మళ్ళీ కప్పుల్లో పెడదాం మేడమ్. మీ పేరే పెడదాం. ఉచితంగా పంచేస్తే రేపు కొత్త మందు ఎవరు కనిపెడతారు? ఎందుకు కనిపెడతారు?"

అడగాల్సిన ప్రశ్నే అది, పక్కకు నెట్టేసేది కాదు. యామిని కాసేపు ఆలోచించే జవాబు చెప్పింది.

"శుద్ధి చేస్తే చస్తుంది సార్. కలిసి ఉండటమే దాని బలం. వేరు చేసి అమ్మాలని చూసిన రోజున మళ్ళీ తొట్లు నీళ్ళవుతాయి. ఇక కనిపెట్టడం అంటారా? నేను మా చెల్లి కోసం కనిపెట్టాను. నాకు జీతం కావాలి, కాదనను. సంఘం ఇస్తానంది, మీరిచ్చినంత కాదనుకోండి. కానీ పెరుగుకి కాపలా కాసే పని ఇక నా వల్ల కాదు."

లాయరు ఏదో అనబోయాడు. కౌటిల్య చెయ్యి అడ్డం పెట్టాడు. లాయరు వెళ్ళి కారులో కూర్చున్నాడు. కౌటిల్య మాత్రం లేవలేదు. మిషను మీదున్న బ్లౌజు ముక్కను వేళ్ళతో మడతపెడుతూ, విప్పుతూ ఉన్నాడు.

"మా అమ్మకి షుగరు మేడమ్. హైదరాబాదులో ఉంటుంది."

"మీ ఇంటికి కప్పులు రావా సార్?" అంది యామిని ఆశ్చర్యంగా.

"ప్రోగ్రాంకి తనవాళ్ళు, పరాయివాళ్ళు అని ఉండదు. ఎక్కువ పాడినవాళ్ళకే పంపుతుంది. నాకు మినహాయింపు ఉండకూడదని నేనే రాయించాను." "వేలంపాటలో నాకన్నా పైవాళ్ళు ఉన్నారు. నిన్నటి నుంచి అమ్మకి ఒంట్లో బాగోలేదు."

గుమ్మంలో పాలక్యానుతో నిలబడి ఉంది మస్తాన్ బీ. "గిన్నె తెచ్చుకున్నావా నాయనా?" అంది.

ఆయన తెల్లమొహం వేశాడు. సుహాసిని లేచి వెళ్ళి తన స్టీలు గిన్నె తెచ్చింది. మస్తాన్ బీ అందులో గోరువెచ్చని పాలు పోసి, ఒక గరిటెడు పెరుగు వేసి కలిపింది. సుహాసిని మూత పెట్టి, బ్లౌజు గుడ్డతో బిగించి కట్టి ఎండీగారి చేతుల్లో పెట్టింది. "తోడు ఇప్పుడే వేశాం సార్. ఇల్లు చేరేసరికి తోడుకుంటుంది. దార్లో కదపమాకండి. కదిపారో, విరుగుద్ది" అంది.

కౌటిల్య గిన్నెను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అలవాటు చొప్పున అడిగేశాడు. "ఎంతివ్వమంటారు?"

"పాలకి డబ్బులియ్యి నాయనా" అంది మస్తాన్ బీ. "తోడుకెవరన్నా డబ్బులు తీసుకుంటారా?"

ఆ సాయంత్రం హైదరాబాదు రోడ్డు మీద ఓ పెద్ద నల్లకారు నత్తనడక నడిచింది. వెనక లారీలవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి, తిట్టి తిట్టి దాటుకుపోయారు. ప్రతి గతుకు దగ్గరా వెనక సీట్లో కూర్చున్న పెద్దమనిషి ఒళ్ళో గిన్నెను రెండు చేతులా గాల్లోకి లేపి పట్టుకుని, "నెమ్మదిగా, నెమ్మదిగా పోనివ్వు బాబూ" అని డ్రైవర్ని బతిమాలుతూనే ఉన్నాడు.